లోగో వచ్చిందా, రాలేదా? గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేశాక డిస్‌ప్లే పోతే: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేది ఎక్కువగా యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, డీటీపీ సెంటర్లవాళ్లు, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు. "డ్రైవర్ అప్‌డేట్ చేశా అన్నా, డిస్‌ప్లే పోయింది" అని వచ్చేవాళ్లు అప్పటికే ఎవరో చెప్పిన మాట విని బాగా భయపడిపోయి ఉంటారు. ఆ భయంలో అనవసరంగా డబ్బు పోతుంది. ఒక్కోసారి డబ్బు పెట్టినా తిరిగి రానివీ పోతాయి.

అపోహ: అప్‌డేట్ దెబ్బకు గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది.

డ్రైవర్ అంటే గ్రాఫిక్స్ కార్డుతో విండోస్ పని చేయించుకోవడానికి మీ డిస్కులో ఉండే సాఫ్ట్‌వేర్. పవర్ బటన్ నొక్కగానే కనపడే కంపెనీ లోగోకు దానితో సంబంధం లేదు. ఆ లోగోను కార్డు తన చిప్‌లో ఉన్న సొంత ప్రోగ్రాంతోనే చూపిస్తుంది. డ్రైవర్ పని మొదలయ్యేది ఆ తర్వాత, విండోస్ లేచేటప్పుడు. అందుకే ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: "లోగో వచ్చిందా?"

లోగో వచ్చి, చుక్కలు గుండ్రంగా తిరిగి, అప్పుడు స్క్రీన్ నల్లబడితే మొదటి అనుమానం డ్రైవర్ మీదే. లోగోనే రాకపోతే మాత్రం డ్రైవర్‌ను వదిలేసి కేబుల్, ర్యామ్, కార్డుకు వెళ్లే పవర్ కనెక్టర్, ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) చూడాలి. కొన్ని మానిటర్లు ఆన్ అయ్యేలోపే లోగో దాటిపోతుంది. అప్పుడు ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ తడుతూ ఉండండి. బయోస్ స్క్రీన్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల పేజీ) వచ్చిందంటే కార్డు బొమ్మ ఇస్తున్నట్టే.

డ్రైవర్ వల్ల కార్డుకు ముప్పు ఎప్పుడూ రాలేదని నేను అనను. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్ వల్ల ఫ్యాన్ వేగం అదుపు తప్పుతోందని కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ అలాంటివి చాలా అరుదు. అది చూసి కొత్త కార్డు కొనాల్సిన పని లేదు.

అపోహ: స్క్రీన్ నల్లగా ఉందంటే కంప్యూటర్ ఆగిపోయినట్టే.

మొన్న ముహూర్తాల సీజన్‌లో చంద్రగిరి నుంచి ఒక ఆల్బమ్ డిజైనర్ సీపీయూను దుప్పటిలో చుట్టి స్కూటీ మీద తెచ్చాడు. "కార్డు పోయిందంట అన్నా, ఫార్మాట్ కూడా కొట్టాలంట" అన్నాడు. అందులో రెండు పెళ్లిళ్ల ఫొటోలు ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. నా మానిటర్‌కు తగిలించాను. లోగో వచ్చింది, చుక్కలు తిరిగాయి, నల్లబడింది. క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీద లైటు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. "చూడు తమ్ముడూ, లోపల విండోస్ నడుస్తానే ఉంది" అన్నాక గానీ ఆ అబ్బాయి స్టూల్ మీద కూర్చోలేదు.

ఇలాంటప్పుడు ముందు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. డ్రైవర్ రీసెట్ అవుతుంది, ఒక్కోసారి దాంతోనే బొమ్మ వచ్చేస్తుంది. ల్యాప్‌టాప్ అయితే విండోస్ కీ, పి కూడా చూడండి, డిస్‌ప్లే రెండో స్క్రీన్‌కు వెళ్లిపోయి ఉండొచ్చు.

ఆ అబ్బాయి సిస్టమ్ వీటికి లొంగలేదు. అప్పుడు సేఫ్ మోడ్‌కు వెళ్లాను. విండోస్ లేస్తుండగా పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ తనే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ మీ కొత్త డ్రైవర్ జోలికి పోకుండా తన మామూలు డ్రైవర్‌తో నడుస్తుంది, అందుకే బొమ్మ వస్తుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి, కార్డు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ తెరిచి, పాత డ్రైవర్‌ను తిరిగి తెచ్చే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కాను. రీస్టార్ట్ చేశాక డెస్క్‌టాప్ మీద పెళ్లి ఫోల్డర్లు రెండూ కనపడ్డాయి.

రోల్ బ్యాక్ బటన్ పని చేయకపోతే డ్రైవర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి పాతది వేసుకోవాలి. ఆ పని అయ్యేదాకా నెట్ తీసేయండి, లేకపోతే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్‌ను మధ్యలో దించేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ దారిలో బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) 48 అంకెల కీ అడగొచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే చూసి రాసిపెట్టుకోండి.

అపోహ: ఫార్మాట్ చేస్తే గానీ బాగుపడదు.

ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఒకసారి వేరేచోట ఫార్మాట్ చేసిన డిస్కు నా బల్ల మీదకు వచ్చింది. రికవరీ చేస్తే కొన్ని ఫొటోలు వచ్చాయి: పైన సగం పెళ్లిపందిరి, తోరణాలు, కింద సగం ఉత్త బూడిదరంగు. పెళ్లికూతురి అమ్మ వాటిని ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది. డ్రైవర్ ఒక్కటి మార్చడానికి డిస్కంతా తుడిచేయాల్సిన అవసరం లేదు.

అపోహ: ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాలి, సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీద ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ) తీసి పెట్టాలి.

లోగోనే రానప్పుడు వీటితో ఒక్కోసారి పని జరుగుతుంది. లోగో వచ్చాక నల్లబడేదానికి ఇవి మందు కాదు.

అపోహ: కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకు మారిస్తే బొమ్మ రావాలి, రాలేదంటే బోర్డు కూడా పోయింది.

ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటేనే ఆ పోర్టు పని చేస్తుంది. ఇంటెల్ ఐ5 12400ఎఫ్‌లో గానీ రైజెన్ 5 5600లో గానీ గ్రాఫిక్స్ లేదు, కాబట్టి బోర్డు బాగున్నా బొమ్మ రాదు. గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ అయితే మాత్రం ఇది మంచి దారి. ఒక్కోసారి కార్డు తీసి పక్కన పెట్టాల్సి వస్తుంది.

అపోహ: ఇక జన్మలో అప్‌డేట్ చేయకూడదు.

సెక్యూరిటీ లోపాలను సరిచేసే అప్‌డేట్లు కూడా ఉంటాయి, కాబట్టి పూర్తిగా మానేయమని నేను చెప్పను. చేతిలో అర్జెంటు పని ఉన్న వారంలో మాత్రం చేయొద్దు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు స్క్రీన్ కొన్ని సెకన్లు నల్లబడటం మామూలే, టెన్షన్ పడి పవర్ తీయకండి. కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. ముందుగా విండోస్‌లో రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే పాత స్థితికి వెళ్లే గుర్తు) పెట్టుకుని, బాగా నడుస్తున్న పాత డ్రైవర్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. చంద్రగిరి అబ్బాయి సీపీయూ మీద ఇప్పుడు ఒక తెల్ల స్టిక్కర్ ఉంది. పనిచేస్తున్న డ్రైవర్ నంబరు, వేసిన తేదీ దాని మీద నేనే మార్కర్‌తో రాసి ఇచ్చాను.