బిరుదులిచ్చి కూడగట్టిన మెజారిటీ

బ్రిటన్‌లో ఐర్లాండ్ విలీనం ప్రస్తావన 1799 జనవరిలో డబ్లిన్ కామన్స్ సభలో (ఐర్లాండ్ సొంత పార్లమెంటు దిగువ సభ) 111–106 ఓట్లతో వీగిపోయింది. ఏడాది తిరిగాక, 1800 ఫిబ్రవరిలో, అదే సభ 158–115తో సరేనంది. ఈ మార్పు వెనక కొన్ని దశాబ్దాల అలవాటు ఉంది.

ఐర్లాండ్‌ను ఏలే వైస్రాయ్‌ని లండన్ పంపేది. అతను డబ్లిన్ సభకు జవాబుదారీ కాడు, కానీ పన్నులకు ఆ సభ ఒప్పుకోవాలి. అందుకే పాన్సన్‌బీల వంటి పెద్ద కుటుంబాలు ఓట్లు కూడగట్టిపెట్టేవి, బదులుగా ఉద్యోగాలు, పింఛన్లు తమవాళ్లకు ఇప్పించుకునేవి. 1767లో వైస్రాయ్‌గా వచ్చిన టౌన్‌షెండ్ ఆ మధ్యవర్తులను తప్పించి, పంపకాన్ని నేరుగా తానే చేపట్టాడు.

ఐరిష్ బిరుదైతే లండన్‌కు మరీ చవక. దానితో బ్రిటన్ ప్రభువుల సభలో సీటు రాదు, పుచ్చుకునేవాడికి ఐర్లాండ్‌తో సంబంధమూ అక్కర్లేదు. ప్లాసీ గెలిచిన క్లైవ్‌కు 1762లో దక్కింది ఇదే. బారన్ అయ్యాక కూడా ష్రూస్‌బరీ సభ్యుడిగా బ్రిటన్ కామన్స్‌లోనే కొనసాగాడు. 1765లో మొగల్ చక్రవర్తి దగ్గర మన ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నది ఈ ఐరిష్ బారనే.

డబ్లిన్ కామన్స్‌లో 300 సీట్లు. ఎక్కువ భాగం బరోలవి, అంటే పట్టణ నియోజకవర్గాలవి; వాటిలో చాలామటుకు ఎవరో ఒక ప్రభువు గుప్పిట్లో ఉండేవి. వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని బానో అనే ఊరు ఎప్పుడో ఇసుకలో పూడిపోయింది. అయినా ఇద్దరు సభ్యులను పంపేది! విలీనంలో ఆ బరో పోతుందని 15,000 పౌండ్ల పరిహారం ఇచ్చారు. రద్దయిన ప్రతి బరోకూ అదే ధర. ఎలీ ప్రభువుకు మొత్తం 45,000 పౌండ్లు, పైగా మార్క్విస్ హోదా దక్కాయి. విలీనాన్ని గట్టిగా ఎదిరించిన డౌన్‌షైర్ ప్రభువుకూ 52,500 ముట్టాయి. దాన్నిబట్టి పరిహారాన్ని అచ్చంగా లంచమనలేం. కానీ ప్రజల ప్రాతినిధ్యాన్ని సొంత ఆస్తిగా లెక్కగట్టి చెల్లించడం అంతకన్నా ఘోరం. బిరుదుల సంగతి వేరు, అవి ఓటు కోసం ఇచ్చినవే. ఆ బేరాలు నడిపిన వైస్రాయ్ కారన్‌వాలీసే ఈ పని చేస్తున్నందుకు తనను తాను అసహ్యించుకుంటున్నానని ఉత్తరం రాశాడు.

జనాభాలో అత్యధికులైన కాథలిక్కులకు ఈ పంపకంలో వాటా లేదు. విలీనమైతే పార్లమెంటు ప్రవేశం వస్తుందని వాళ్లకు ఆశ చూపారు. మూడో జార్జి ససేమిరా అనడంతో 1801లో ప్రధాని పిట్ రాజీనామా చేశాడు. ఆ హక్కు 1829లో గాని రాలేదు.