ఆ గ్లాసులో ఉన్నది ఏ ఏటి గాలి?

"1878 నాటి విస్కీ అనుకుని తాగినది నిజానికి 1970 తర్వాతిదని శాస్త్రవేత్తలు తేల్చారని చదివాను. కార్బన్ డేటింగుతో వేల ఏళ్ల నాటి ఎముకల వయసు కదా చెబుతారు, సీసాలోని మద్యం వయసు ఎలా చెప్పారు?" ఖమ్మం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. ఈ మధ్య కాలంలో నన్ను ఇంత సంతోషపెట్టిన ప్రశ్న మరొకటి లేదు. ఆ అబ్బాయి అనుమానంలో పూర్తి న్యాయం ఉంది. కాలేజీలో మనం నేర్చుకున్న పద్ధతితో ఆ వయసు చెప్పడం కుదరదు.

ముందు జరిగిన సంగతి. 2017లో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్‌లో, ఒక హోటల్ బారుకు చైనా నుంచి వచ్చిన అతిథి 1878 నాటి మెకాలన్ (పేరున్న స్కాచ్ విస్కీ) అని రాసి ఉన్న సీసాను తెరిపించి, ఒక్క గ్లాసుకు 9,999 స్విస్ ఫ్రాంకులు చెల్లించారు. ఆ వార్త, ఫొటోలు బయటికి రాగానే విస్కీ తెలిసినవారికి అనుమానం వచ్చింది. హోటలువారు సీసాలోని నమూనాను పరీక్షకు పంపించారు. ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాల ఇచ్చిన జవాబు: 95 శాతం నమ్మకంతో, 1970-72 మధ్యది. మరో పరీక్షలో అది అసలు సింగిల్ మాల్టే (ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే తీసిన విస్కీ) కాదని, 60 శాతం మాల్టు విస్కీకి 40 శాతం గ్రెయిన్ విస్కీ (ఇతర ధాన్యాలతో తీసినది) కలిపినదని బయటపడింది. హోటలువారు అతిథికి డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేశారు.

1878 ఎక్కడ, 1970-72 ఎక్కడ! అంత కచ్చితంగా మూడేళ్ల పరిధిలోకి ఎలా దిగగలిగారు?

కార్బన్-14 అంటే అంతరిక్షం నుంచి పడే విశ్వకిరణాల వల్ల గాలిలో పుట్టే రేడియోధార్మిక కార్బన్; అది ఎలా పుడుతుందో ఇంటర్మీడియట్ పుస్తకంలో ఉంది కనుక ఆ పాఠం మళ్లీ చెప్పను. అందులో సగం క్షయమవడానికి పట్టే కాలం, అంటే అర్ధాయువు, 5,730 ఏళ్లు అన్న ఒక్క అంకె చాలు. 1878 నుంచి 2017 వరకు 139 ఏళ్లు. ఆ కాలంలో క్షయమయ్యే కార్బన్-14 ఎంతో లెక్క వేయండి: సుమారు 1.7 శాతం. నూటికి రెండు పాళ్లు కూడా తరగని గడియారంతో 1878ని, 1890ని వేరు చేయడమంటే, బస్తా బియ్యం తూచే కాటా మీద ఉంగరం తూచడమే. మన తరగతి గదుల్లో అర్ధాయువు సూత్రంలో అంకెలు వేయించి, మమ్మీల వయసు కట్టించి, అక్కడితో ఆపేస్తాం. 20వ శతాబ్దపు వస్తువులకు అంతకంటే ఎంతో పదునైన గడియారం ఉందని చెప్పం. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆ గడియారాన్ని తిప్పింది అణుబాంబులు. 1950లలోనూ, 1961-62లో మరీ ఉద్ధృతంగానూ అమెరికా, సోవియట్ యూనియన్ ఆకాశంలో బాంబులు పేల్చాయి. వాటి నుంచి వెలువడిన న్యూట్రాన్లు గాలిలోని నైట్రోజన్‌ను కార్బన్-14గా మార్చాయి. 1963లో మాస్కోలో ఒప్పందం కుదిరి ఆకాశంలో పరీక్షలు చాలావరకు ఆగేనాటికి, ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. ఆ తర్వాత సముద్రాలు, అడవులు దాన్ని పీల్చుకుంటూ రావడంతో ఏటేటా తగ్గింది. గ్రాఫు గీస్తే ఒకవైపు నిటారు కొండ, మరోవైపు నెమ్మదిగా దిగే వాలు. 1970ల మొదట్లో ఆ వాలు మీద ఒక్క ఏడాది దిగుడు దాదాపు 3 శాతం. 139 ఏళ్ల క్షయం 1.7 శాతం అయితే, ఇక్కడ ఒక్క ఏడాది తేడాయే 3 శాతం! వయసు చెప్పింది క్షయం కాదు, ఈ వాలు.

ఇక బార్లీ గింజ సంగతి. బార్లీ ఒక్క పంటకాలపు మొక్క. ఆ కొద్ది నెలల గాలిలోని కార్బన్ డయాక్సైడే దాని గింజలో పిండిగా మారుతుంది. పిండి చక్కెర అవుతుంది, చక్కెర ఆల్కహాల్ అవుతుంది. ఇంత జరిగినా కార్బన్ పరమాణువులు మాత్రం అవే. ఆవకాయ జాడీలు వరుసగా మూడు ఉన్న ఇంట్లో ఏ జాడీది ఏ ఏటి కాయో అమ్మమ్మ రంగు చూసి, రుచి చూసి చెబుతుంది. కొంచెం పాత పచ్చడి కలిపితే ఆమెనూ మోసం చేయవచ్చు. కానీ మామిడిచెట్టు ఆ వేసవిలో పీల్చిన గాలిని కాయలోంచి ఎవరూ తీసేయలేరు. విస్కీకి చీటీ మార్చవచ్చు, పాత సీసా వెతికి తేవచ్చు, కాల్చిన చక్కెరతో రంగు వేయవచ్చు, పీపాలో ఇరవై ఏళ్లు ఉంచవచ్చు. బార్లీ పండిన ఏడాది మాత్రం మారదు. అందుకే ఈ పరీక్ష చెప్పేది సీసాలో నింపిన ఏడాది కాదు, గింజ పండిన ఏడాది. రెండు పంటలు కలిపితే వాటి సగటు వస్తుంది. ఆ గ్రాఫులో ఎక్కుడు వైపు ఒకటి, దిగుడు వైపు ఒకటి, ఒకే విలువకు రెండు తేదీలు కూడా రావచ్చు. అప్పుడు సీసా, చీటీ, రసాయన పరీక్షలు సాయం పట్టాలి.

కొలత ఎంత సూక్ష్మమో చూడండి. 40 శాతం ఆల్కహాల్ ఉన్న 60 మిల్లీలీటర్ల విస్కీలో, ఆల్కహాల్ తాలూకు కార్బన్ సుమారు 10 గ్రాములు. బాంబులకు ముందటి మద్యమైతే అందులో నిమిషానికి 130కి పైగా కార్బన్-14 కేంద్రకాలు విచ్ఛిన్నమవుతాయి. కానీ అంత ఖరీదైన మద్యం 60 మిల్లీలీటర్లు ఎవరిస్తారు? ఒక మిల్లీగ్రాము కార్బన్ తీసుకుంటే గంటకు పైగా కాచుకున్నా వచ్చేది ఒక్క విచ్ఛిన్నం. అయితే ఆ మిల్లీగ్రాములోనే సుమారు 6 కోట్ల కార్బన్-14 పరమాణువులు ఉంటాయి. అవి విచ్ఛిన్నమయ్యేదాకా కాచుకోకుండా, త్వరణ యంత్రంలో పరుగెత్తించి బరువును బట్టి వేరు చేసి ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. కొద్ది చుక్కలు చాలు.

ఇంతకీ తాగేదాంట్లో రేడియోధార్మికత ఏమిటని భయపడేవారు ఉంటారు. మీ ఒంట్లోనే సెకనుకు మూడు వేలకు పైగా కార్బన్-14 కేంద్రకాలు విచ్ఛిన్నమవుతున్నాయి. గ్రహణం రోజున చెడు కిరణాలు పడతాయని మన ఇళ్లలో పచ్చడి జాడీల మీద దర్భలు వేస్తారు. కార్బన్-14ను పుట్టించే విశ్వకిరణాలు గ్రహణం ఉన్నా లేకపోయినా, పగలూ రాత్రీ కురుస్తూనే ఉన్నాయి. వాటికి దర్భ అడ్డం కాదు.

సెయింట్ మోరిట్జ్ ఒక్కటే అనుకోకండి. 2018లో స్కాట్లాండులోని ప్రయోగశాల అరుదైన స్కాచ్ సీసాలు 55 పరీక్షించగా, 21 పచ్చి నకిలీలైనా అయ్యాయి, చీటీ మీద ఉన్న ఏడాదివి కాకుండా అయినా పోయాయి. పాత మద్యం కొనేవారికి నేను చెప్పేది ఇదే: చీటీని కాదు, ద్రవాన్ని అడగండి. చీటీని అడిగే తేలిక పరీక్షా ఒకటి ఉంది. అతినీలలోహిత దీపం కింద కాగితం నీలంగా మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఉన్నట్టు. 1950ల ముందు కాగితంలో అవి ఉండవు.

వైన్ విషయానికి వస్తే, సీసా తెరవకుండానే ఒక పరీక్ష చేయవచ్చు. బాంబులు వెదజల్లిన సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ద్రాక్షపండ్ల మీద కూడా పడింది. అది విడిచే గామా కిరణాలు గాజును దాటి బయటికి వస్తాయి. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ యుబేర్ సీసాను డిటెక్టరు పక్కన పెట్టి వాటిని లెక్కించారు. ఒకనాటి అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ వైన్లని పేరుపడి, 1985లో లండన్ వేలంలో ఒక్కటే 1,05,000 పౌండ్లు పలికిన 1787 నాటి సీసాలు మీకు గుర్తుండవచ్చు. ఆ కోవలోవే వేరేవారు కొన్న సీసాలను ఆయన పరీక్షించగా సీసియం కనిపించలేదు. అంటే బాంబులకు ముందటివి, అంతే. 1787వి అనడానికి అది చాలదు. వాటి గాజు మీది అక్షరాలు విద్యుత్ పనిముట్టుతో చెక్కినవని మరో పరిశీలన చెప్పింది.

బాంబులకు ముందు కాలానికి ఈ గడియారాలు రెండూ మూగబోతాయి. 2010లో బాల్టిక్ సముద్రంలో, ఆలాండ్ దీవుల దగ్గర, 50 మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. సుమారు 170 ఏళ్ల నాటివి. ఏ సంస్థవో తెలిసింది బిరడా అడుగున కాల్చి వేసిన గుర్తుల వల్ల. చలి, చీకటి వాటిని కాపాడాయి. లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర ఉంది, అంటే నేటి షాంపేన్ కంటే ఎన్నో రెట్లు తీపి. గ్లాసులో పోయగానే జున్ను వాసన, తడి జుట్టు వాసన వేసిందట. కాసేపు తిప్పి గాలి తగలనిచ్చాక పొగ, మసాలా, తోలు వాసనలు పైకి వచ్చాయి. పాత వైన్ వడ్డించే పద్ధతి అంతా ఈ గాలి చుట్టూనే తిరుగుతుంది. ఒకటి రెండు రోజులు సీసాను నిలబెట్టి మడ్డిని అడుక్కి దిగనివ్వాలి. మెడ వెనక దీపం పెట్టుకుని, మడ్డి మెడ దాకా వచ్చే వరకే నెమ్మదిగా వంచాలి. మరీ పాతది కొద్ది నిమిషాల్లోనే వాడిపోవచ్చు కనుక పోసినవెంటనే ముందు వాసన చూడాలి. విస్కీకి ఇంత శ్రమ లేదు. అది సీసాలోకి వచ్చాక ముదరడం ఆగిపోతుంది. ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది కనుక సీసాను పడుకోబెట్టకూడదు, అంతే.

ఆ విద్యార్థి అడగని ప్రశ్న ఒకటి మిగిలింది: ఈ గడియారం ఎంతకాలం నడుస్తుంది? బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ల నాటి కార్బన్. వాటిలో కార్బన్-14 ఎప్పుడో పూర్తిగా అయిపోయింది. వాటిని కాల్చి మనం గాలిని పలచన చేస్తూనే ఉన్నాం. 2021 ప్రాంతంలో ఉత్తరార్ధగోళపు గాలి మళ్లీ బాంబులకు ముందటి స్థాయికి దిగిపోయింది. ఈ ఏడాది పండిన బార్లీతో తీసిన మద్యాన్ని పాత సీసాలో పోస్తే, బాంబు వాలు దాన్ని ఇక పట్టుకోలేదు. ఇంధనాలు ఇదే జోరున కాలుతుంటే 2050లో పండే గింజ, కార్బన్ పరీక్షలో, దాదాపు వెయ్యేళ్ల నాటి గింజలా కనిపిస్తుంది.