ఒపేరా కొమీక్: పాటలొస్తే చాలనుకుంటే

పాశ్చాత్య గాత్రం నేర్పేవాణ్ణి. ఒపేరా కొమీక్ అంటే పాటల మధ్య మామూలు మాటలు కూడా ఉండే ఫ్రెంచ్ ఒపేరా; బిజే కట్టిన కార్మెన్ అలాంటిదే. "కార్మెన్ పాటలన్నీ వచ్చేశాయి సార్, మిగిలినవి మాటలే కదా" అని పిల్లలు అనగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: మధ్యలో మాటలు ఉన్నా లేకపోయినా ఒకటే.

వాస్తవం: పాటా మాటా కలిసి కథ నడిపితేనే అది ఒపేరా కొమీక్. 1875 మార్చి 3న పారిస్‌లో కార్మెన్ మొదటిసారి ఆడింది మాటలతోనే. మూడు నెలలకే బిజే చనిపోయాడు. తర్వాత వియన్నా ప్రదర్శన కోసం ఎర్నెస్ట్ గిరో ఆ మాటలు తీసేసి రెసిటేటివ్‌లు (మాటల్లా సాగే పాట) కట్టాడు. దశాబ్దాల పాటు లోకమంతా తిరిగింది ఆ రూపమే. దాంతో కథానాయకుడు డాన్ హోసే గతం కొట్టుకుపోయింది. అతన్ని చర్చి ఫాదర్‌ని చేద్దామని ఇంట్లోవాళ్లు అనుకుంటే, అతనికేమో బంతాట పిచ్చి. ఒకరోజు ఆట గెలిచాక గొడవపడి, ఊరొదిలి సైన్యంలో చేరాడు. ఇది వినకపోతే చివర్లో కత్తి దూసే మనిషి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలియదు.

ఒకమ్మాయి కార్మెన్‌లోని మికయెలా పాత్ర గిరో రెసిటేటివ్‌లున్న పాత స్కోరు (స్వరాల పుస్తకం) చూసి నేర్చుకుంది. రిహార్సల్‌కి వెళ్తే అక్కడ మాటల వర్షన్! పాపం, ఏడుపొక్కటే తక్కువ. ఏ ఎడిషనో ముందే అడగాలని ఆమెకెవరూ చెప్పలేదు మరి. మూడో అంకంలో మికయెలా దారి చూపినవాడితో మాట్లాడి, వాణ్ణి పంపేసి పాట అందుకోవాలి. ఈ అమ్మాయి మాటలప్పుడు గొంతు బాగా దించేసేది, దాంతో పాట ఎత్తుకోగానే బిగుసుకుపోయేది. ఆఖరి రెండు డైలాగులూ పాట మొదటి లైనూ కలిపి, ఊపిరి ఎక్కడ తీయాలో గుర్తు పెట్టించి, అదొక్కటే పదేపదే చేయించాను. కుదిరింది.

అపోహ: పేరులోనే ఉందిగా, అంతా కామెడీయే.

వాస్తవం: కెరుబీనీ ఒపేరా కొమీక్ మెడే (1797)లో తల్లి కన్నబిడ్డల్ని చంపుతుంది. నవ్వుకోండి మరి!

అపోహ: గొంతుకు తేలిక.

వాస్తవం: దొనిజెట్టి 1840లో రాసిన 'రెజిమెంట్ కూతురు'లో టెనర్ (ఎత్తైన మగ గొంతు) ఒక్క పాటలోనే తొమ్మిది దాకా హై సీలు, అంటే ఆ గొంతుకు బాగా పైనున్న స్వరం, కొట్టాలి. ఆ మాట అన్నవాళ్లని పాడి చూపించమనండి.

అపోహ: పారిస్‌లో ఇదే పేరున్న ఒపేరా కొమీక్ థియేటర్‌లో పుట్టినవన్నీ ఇదే కోవ.

వాస్తవం: కాదు. దెబ్యుస్సీ ఒపేరా పెలేయాస్ (1902) అక్కడే పుట్టింది, మొదటి నుంచి చివరిదాకా పాటే.

ఇక దెలీబ్ ఒపేరా లాక్మే (1883) కథ మన దేశంలో జరుగుతుంది కాబట్టి అందులో రాగాలున్నాయని వాట్సాప్‌లో ఎవరో తిప్పుతున్నారు. దెలీబ్ కట్టింది పారిస్ శ్రోతల కోసం, వాళ్ల బాణీలోనే. దయచేసి నాకు ఫార్వర్డ్ చేయకండి.