ఓటు ఊరంతా వేసింది, చెక్కు మీద సంతకం ఇద్దరిది

తెలంగాణ పంచాయతీల్లో కొత్త పాలకవర్గాలు వచ్చాయో లేదో, పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పాత లొల్లి మళ్లీ మొదలైంది. పంచాయతీ డబ్బు తీసే చెక్కు మీద తమ సంతకంతో పాటు ఉప సర్పంచ్ సంతకం ఎందుకన్నది సర్పంచ్‌ల ప్రశ్న. 2025 డిసెంబరు ఎన్నికల దాకా దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. అందుకే ఇప్పుడు వచ్చే ప్రతి రూపాయి మీదా సర్పంచ్, ఉప సర్పంచ్ వర్గాల కళ్లూ ఉన్నాయి.

అసలు మలుపు 2019 జూన్. పాత పద్ధతిలో సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి కలిసి సంతకం చేసేవారు. 2018 పంచాయతీరాజ్ చట్టం కార్యదర్శి స్థానంలో ఉప సర్పంచ్‌ను పెట్టింది. 2019 జనవరిలో గెలిచినవారు నెలల తరబడి చెక్ పవర్ కోసం ఎదురుచూస్తే, చివరికి వచ్చింది ఇద్దరూ సంతకం పెడితేనే చెల్లే జాయింట్ చెక్ పవర్. సర్పంచ్‌లు భగ్గుమన్నారు. జనం నేరుగా గెలిపించింది మమ్మల్ని, పని ఆగితే తిట్లు తినేదీ మేమే అన్నారు. అప్పు తెచ్చి పనులు చేసి, బిల్లులు రాక నలిగిపోయిన మాజీ సర్పంచ్‌లను చూస్తే ఆ బాధ నిజమేననిపిస్తుంది.

కానీ వార్డు సభ్యుల గోడు ఎవరికీ పట్టదు. ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేది వాళ్లు. పార్టీ గుర్తులు లేని ఎన్నికలే అయినా, సర్పంచ్ ఒక వర్గం, వార్డుల్లో మెజారిటీ ఇంకో వర్గం అయిన ఊళ్లు ఉన్నాయి. ఉప సర్పంచ్ మీద అవిశ్వాసం పెట్టొచ్చు, సర్పంచ్ మీద పెట్టే వీల్లేదు. ఆయన మీద చర్య తీసుకోవాల్సింది కలెక్టరే. ఇక ఐదేళ్లపాటు సభ్యుల చేతిలో ఉండేది ఉప సర్పంచ్ పెట్టే ఆ ఒక్క సంతకమే. సమావేశమే పెట్టకుండా తీర్మానాల పుస్తకం ఇంటింటికీ పంపి సంతకాలు తీసుకునే చోట, తమ వీధికి లైటు ఎందుకు రాలేదని ఎస్సీ కాలనీ సభ్యురాలు ఎక్కడ అడగాలి?

వాటా కోసం సంతకం ఆపేవాళ్లూ ఉన్నారు. అది ముమ్మాటికీ తప్పే. అంతమాత్రాన సంతకమే తీసేయమంటే, లెక్క అడిగే చివరి మనిషి కూడా పోతాడు. నెలకోసారి పాలకవర్గ సమావేశం, రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టమే చెబుతోంది. బోరు మోటార్ రిపేరు, ట్రాక్టర్ కిస్తీ, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు లాంటి తప్పని ఖర్చులను ముందే సమావేశంలో తీర్మానం చేసుకోవాలి. ఆ తర్వాత కూడా చెక్కు ఆగితే, ఎవరు ఎందుకు ఆపారో గ్రామసభలో అందరి ముందూ అడగొచ్చు.