ముందు చేసిన తప్పు ఏమవుతుంది?

చిరంజీవులు బుజ్జమ్మకు, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మీరు దసరా సెలవులకి వచ్చి వెళ్లి పన్నెండు రోజులైంది. మీరు తినగా మిగిలిన భీమాలి తాండ్ర డబ్బాలోనే ఉంది, నానమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. సిరిమాను చూసొచ్చిన రెండోనాడు నెల్లిమర్లలో బస్సెక్కుతూ, బుజ్జమ్మ మెట్టు మీద ఆగి నన్నో మాట అడిగింది. "తాతా, చెడ్డోడు మంచోడైపోతే, ముందు చేసిన తప్పు ఏమవుద్ది?" ఈలోగా కండక్టరు విజిల్ వేశాడు, బస్సు కదిలిపోయింది. నేను చెయ్యి ఊపి ఊరుకున్నాను. బస్సు ఆగి ఉన్నా చెప్పగలిగేవాణ్ణి కాదేమో. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని చాలా ఆలోచించాను. ఫోన్లో చెబితే సగంలో మీ అమ్మ హోంవర్క్ అంటుంది. అందుకే కాగితం తీశాను.

ఆ మాట అడగడానికి కారణం మనం పది రోజులు కలిసి చూసిన బొమ్మల కథలే కదా. మీ నాన్న ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టుకుని, ఇంగ్లీషులో వాళ్లు మాట్లాడుతుంటే చిన్నోడు పక్కనుంచి నాకు తెలుగులో చెప్పడం, కీలకమైన చోట వాడే నోరు తెరుచుకుని చూస్తూ చెప్పడం మరిచిపోవడం! నాకు ఆ బొమ్మలు కొత్తే గానీ, ఆ మనుషులు కొత్త కాదు. కుర్రతనంలో నేను ఎనిమిదేళ్లు భారత నాటకాలాడాను. మా గురువుగారు వేషం ఇచ్చిన రోజున పద్యాలు నేర్పేవారు కాదు. "వీడు ఎక్కడ తప్పుతాడో అది చెప్పు ముందు" అనేవారు. ధర్మరాజు జూదం దగ్గర తప్పుతాడు. కర్ణుడు తనకి అన్నం పెట్టి ఆదరించినవాడి మాట కాదనలేక తప్పుతాడు. ఆ తప్పే చోటు దొరికాక రాగం ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ తగ్గాలో దానంతటదే తెలిసేది. తొలేళ్ల రాత్రి, అంటే జాతర ముందు రాత్రి, జనం వన్స్‌మోర్ అని అరిచేది కూడా సరిగ్గా ఆ చోటే.

చిన్నోడికి ఛోటా భీమ్ అంటే ప్రాణం కాబట్టి వాడి దగ్గర మొదలెడతాను. ఆ బొమ్మలు తయారయ్యేది మన హైదరాబాదులోనే, రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థలో. 2008లో పోగో చానల్లో మొదలైంది. భారతంలో భీముడికి తిండి ఒక బలహీనత. కథ చివర పాండవులు హిమాలయాల వైపు నడిచి వెళ్తూ ఒక్కొక్కరే పడిపోతారు. భీముడు పడిపోతూ, "అన్నా, నేనెందుకు పడ్డాను?" అని అడుగుతాడు. ఎదుటివాళ్ల సంగతి చూడకుండా అతిగా తిన్నావు, నీ బలం చూసుకుని విర్రవీగావు అంటాడు ధర్మరాజు, ఆగకుండా ముందుకు నడుస్తూనే. ఢోలక్‌పూర్ భీమ్‌కి ఆ తిండే లడ్డూ అయింది, తింటే బలం వచ్చేది అయింది. లోపాన్ని తీసుకెళ్లి వరంగా మార్చేశారు. నాలుగేళ్ల పిల్లలకి ధైర్యం ఇవ్వడానికి అది బాగానే ఉంటుంది. కానీ లోపం పోయాక భీమ్‌లో చూడ్డానికి నాకు ఏమీ మిగల్లేదు. నా కళ్లు కాలియా మీదకే పోయేవి. గొప్పలు చెప్పుకుంటాడు, ఈర్ష్య పడతాడు, ఢోలూ భోలూల్ని వెంటేసుకుని ఎత్తులు వేస్తాడు, బోర్లా పడతాడు. వాడు ఎత్తు వేయకపోతే చాలా రోజులు కథే నడవదు. పాపం, అంత పని చేసేవాణ్ణి ఆ కథ ఎప్పుడూ ఎదగనివ్వదు. రేపు మళ్లీ అదే ఈర్ష్యతో లేవాలి వాడు. ఆ ఈర్ష్య గురించి నాకు బాగా తెలుసు, దాని సంగతి కింద చెబుతాను.

డోరేమాన్ కథలో నొబిత కూడా అంతే కదా అంటావు బుజ్జమ్మా. సున్నా మార్కులు, హోంవర్క్ ఎగ్గొట్టడం, జియాన్ కొడితే ఏడుస్తూ డోరేమాన్ దగ్గరికి పరిగెత్తడం, వాడిచ్చిన వస్తువుని అత్యాశతో వాడి చిక్కుల్లో పడడం. మర్నాటికి మళ్లీ మొదటికే. అందులో ఒక పనితనం ఉంది. ఏ రోజు టీవీ పెట్టినా అర్థం కావాలంటే, కథ ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి రావాలి. రోజూ తిరిగే గానుగ లాంటిది. 1969 డిసెంబరులో జపాన్ పిల్లల పత్రికల్లో మొదలైన కథ ఇప్పటికీ నడుస్తోందంటే ఆ గానుగే కారణం. అయినా ఆ రచయిత నొబితని వదిలేయలేదు. వాడి పెళ్లికి ముందు రాత్రి కథ ఒకటి ఉంది. పెళ్లికూతురు షిజుకా భయపడుతుంది. అప్పుడు వాళ్ల నాన్న చెబుతాడు: నువ్వు సరైనవాణ్ణే ఎంచుకున్నావు, ఎదుటివాడి సుఖం కోరుకుని, ఎదుటివాడి కష్టానికి బాధపడగలవాడు అతను అని. ఇన్నేళ్లూ మనం వాడి మార్కులే లెక్కపెట్టాం, ఆయన ఇంకేదో చూశాడు. నాకు గొంతు పట్టేసింది అక్కడ.

ఇంకో సంగతి గమనించారా? అసలు డోరేమాన్ వచ్చిందే నొబిత తప్పుల వల్ల. వాడు పెద్దయ్యాక చేసిన అప్పులు నాలుగు తరాల తర్వాత పుట్టిన సెవాషి దాకా వచ్చాయి. అందుకే ఆ పిల్లాడు ఇరవై రెండో శతాబ్దం నుంచి ఆ పిల్లిమరని పంపించాడు. నీ ప్రశ్నకి ఇది ఒక జవాబు బుజ్జమ్మా. తప్పు నడుచుకుంటూ వెళ్లి, మనం చూడని వాళ్ల గుమ్మం ముందు నిలబడుతుంది.

బ్లూయీ అనే కుక్కపిల్ల కథల గురించి ఒక్క మాటే. ఏడు నిమిషాల కథలో తప్పు కూడా పిల్లల అరచేతిలో పట్టేంత ఉంటుంది. కానీ అందులో అమ్మ కూడా తప్పుతుంది చూడండి. పక్కింటి పాప ముందే నడిచేసింది, మన పాప ఇంకా పాకుతోందని ఆ తల్లి బెంగపడే కథ మీ అమ్మకి చూపించమని చెప్పాను కదా. చూపించారా?

ఇక జుకో, అవతార్ అనే బొమ్మల కథలో నిప్పు రాజ్యం యువరాజు. ఆ కథ 2005 నుంచి 2008 దాకా వచ్చింది, మొత్తం 61 భాగాలు. మనం ఇరవై దాకా చూశాం. మిగతావి మీరు వెళ్లాక ఎదురింటి కుర్రాడి చేత పెట్టించుకుని నేను చూసేశాను. చిన్నోడా, కోపం తెచ్చుకోకు, నువ్వు ముందే చూసినవే కదా.

ఆ కథలో తప్పు లేనివాడు ఒక్కడూ లేడు. లోకాన్ని కాపాడాల్సిన అవతార్ ఆంగ్. పన్నెండేళ్లకే అంత బరువు మోయలేక పారిపోయాడు. వందేళ్లు మంచులో ఉండిపోయాడు, లేచేసరికి తనవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. ఆంగ్ స్నేహితుడు సొక్కా ఆడపిల్లలు యుద్ధం చేయలేరన్నాడు. క్యోషీ దీవి ఆడపిల్లల చేతిలో చిత్తుగా ఓడి, మోకాళ్ల మీద కూర్చుని నేర్పమని అడిగాడు. వాళ్లు తమ దుస్తులు వేయించి, ముఖానికి తమ రంగు పూయించి మరీ నేర్పారు. మా రోజుల్లో ఆడవేషం మగవాళ్లే కట్టేవారు. ఆ రంగు పూసుకున్నాక కూర్చునే తీరు, చూసే తీరు మారిపోతాయి. సొక్కాకి అది ఎంత పని చేసిందో నాకు అర్థమైంది.

జుకోకి పదమూడేళ్లప్పుడు, కొత్తగా చేరిన సైనికుల్ని బలి పెట్టడం తప్పని సభలో నోరు తెరిచాడు. ద్వంద్వయుద్ధం అన్నారు, తీరా ఎదురుగా నిలబడ్డది కన్నతండ్రి. నీతో పోరాడనని వంగిపోతే ఆ తండ్రే ముఖం కాల్చాడు, అవతార్‌ని పట్టి తెస్తేనే ఇంటికి రమ్మన్నాడు. అంటే వాడి తప్పు వెనక ఉన్నది నాన్న దగ్గరికి వెళ్లాలన్న ఆశ. వాడు మొదట్నుంచీ చెడ్డోడు కాదు చిన్నోడా. ఒక తప్పుడు గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతూ ఉన్నవాడు.

నేను రంగు పూసే చేతులున్నవాణ్ణి కనక వాడి ముఖమే చూస్తూ ఉండేవాణ్ణి. మొదటి సీజన్లో గుండు, వెనక పిలక. రెండో సీజన్ మొదట్లో పెదనాన్న ఐరో, వాడూ పిలకలు కోసి నీళ్లలో వదిలేస్తారు. తర్వాత జుట్టు పెరుగుతూ వస్తుంది. మనిషి మారుతున్న కొద్దీ జుట్టు మారుతుంది, ఎడమ కంటి మీది కాలిన మచ్చ మాత్రం చివరిదాకా అలాగే ఉంటుంది. ఆ మచ్చ పోయే అవకాశం ఒకసారి వచ్చింది. బా సింగ్ సే నగరం కింద గుహలో బందీలుగా ఉన్నప్పుడు సొక్కా చెల్లెలు కటారా వాణ్ణి నమ్మి, తన దగ్గరున్న పవిత్ర జలంతో ఆ మచ్చ మాన్పుతానంది. కాసేపటికే వాడు చెల్లెలు అజూలా పక్షం చేరాడు. ఆంగ్ చావు దాకా వెళ్లాడు, ఆ నీళ్లు ఆంగ్‌ని బతికించడానికి ఖర్చయిపోయాయి. ఇంక మచ్చకి మందు లేదు.

అంతకు ముందే వాడు మంచి వైపు తిరిగాడు. ఆంగ్ ఎక్కి తిరిగే ఎగిరే దున్నని విడిపించి, అది మింగుడుపడక జ్వరంతో పడ్డాడు. సరే, మారిపోయాడు అనుకున్నాం. మళ్లీ జారాడు. ఈ కథ రాసినవాళ్ల మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే. మనిషి ఒకేసారి మారడు, గట్టెక్కాడనుకున్న చోటే కాలు జారుతుంది. జారినందుకు వాడికి కోరుకున్నదంతా దక్కింది, ఇల్లు, నాన్న మెప్పు, అన్నీ. అయినా అన్నం సయించలేదు. చివరికి తనంతట తానే వదిలి వచ్చాడు.

వచ్చాక ఏమైంది? చేతుల్లోంచి పుట్టించే వాడి నిప్పు చల్లారిపోయింది. ఇన్నాళ్లూ కోపం మీద మండిన నిప్పు, కోపం పోగానే బలహీనపడింది. ఆంగ్‌తో కలిసి డ్రాగన్ల దగ్గరికి వెళ్లి మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. తప్పు పోతే దానితో పాటు ఒక బలం కూడా పోతుందని పిల్లలకి చెప్పిన కథ నేను ఇంకోటి చూడలేదు. కటారా అయితే చాలా రోజులు నమ్మలేదు. తన తల్లిని చంపినవాణ్ణి వెతకడానికి జుకో తోడు వెళ్లాడు. ఆమె వాణ్ణి చంపలేదు, క్షమించనూ లేదు. జుకోని మాత్రం క్షమించింది. ఎవరిని క్షమించాలో తేల్చుకునే హక్కు దెబ్బ తిన్నవాళ్లదే కదా.

ఆ తర్వాత గుడారం. పెదనాన్న ఐరో నిద్రపోతుంటే జుకో రాత్రంతా పక్కనే కూర్చుంటాడు. ఆయన లేవగానే క్షమించమని మొదలెడతాడు, మాట పూర్తి కాకముందే ఆయన లాక్కుని గుండెకి హత్తుకుంటాడు. నాకు నీ మీద కోపం ఎప్పుడూ లేదు, నువ్వు దారి తప్పావనే దిగులే అంటాడు. ఈ ఐరో ఎవరు? అదే బా సింగ్ సే నగరాన్ని ఆరువందల రోజులు ముట్టడించిన సేనాని. కొడుకుని అక్కడే పోగొట్టుకున్నాడు. చివరికి ఆ నగరాన్ని విడిపించి, ఆ జనానికే టీ కాచి పోస్తూ స్థిరపడతాడు.

ఆ గుడారం సీను ముగ్గురం కలిసి చూడలేదు కాబట్టి బతికిపోయాను. ఎందుకు ఏడుస్తున్నావని మీరు అడిగితే ఇప్పుడు రాయబోయేది చెప్పాల్సి వచ్చేది.

కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన వీరఘట్టం మనకి మరీ దూరం కాదు. ఆ రోజుల్లో ఈ వైపు కుర్రాళ్లందరి కన్నూ భీముడి వేషం మీదే. రెండేళ్లు అది నాది. మూడో ఏడు గురువుగారు దాన్ని నా స్నేహితుడికిచ్చి, నాకు నకులుణ్ణి ఇచ్చారు, రెండు మాటలున్న వేషం. తొలేళ్ల రాత్రి, రంగులు పూసుకుంటున్నప్పుడు, నేను గద తీసుకెళ్లి గడ్డివాములో దోపేశాను. బూరుగు కర్రకి బంగారు కాగితం అంటించిన గద. వాడు వెతికి వెతికి, తెర లేచిపోతే ఉత్త చేతులతో వెళ్లి తొడ మీద చరిచాడు. జనం నవ్వారు. పద్యం మధ్యలో వాడి గొంతు ఆగిపోయింది. నేను పక్కనే నకులుడిగా నిలబడి ఉన్నాను.

వాడు మళ్లీ రంగు పూసుకోలేదు. నేను ఇంకో అయిదేళ్లు ఆడాను, వన్స్‌మోర్లు అందుకున్నాను. పన్నెండేళ్లు పట్టింది నాకు వాడి గుమ్మం తొక్కడానికి. గద పట్టుకునే వెళ్లాను, వానకి తడిసి కాగితం ఊడిపోయింది. చూసి, "ఏట్రా, ఇన్నాళ్లకి ఒచ్చినావా? రా, కూకో" అని లోపలికి కేకేసి చోడంబలి తెప్పించాడు. నేను నోరు తెరిస్తే, "అది నీ కాడే ఉందని ఆ రేతిరే తెల్సు. నువ్వే తెత్తావని సూసినాను" అన్నాడు. అంతే. అంబలి తాగాం. ఆ తర్వాత వాళ్లింట్లో పెళ్లి అయితే నేను పందిరి వేశాను, మా ఇంట్లో అయితే వాడు. మీరు సంచీ తాత అని పిలుస్తారే, ఆయనే.

అంబలి తాగినా ఆయన పద్యం తిరిగి రాలేదు బుజ్జమ్మా. ఎంత మంచి గొంతో అది! నేను మారాను, ఆయన క్షమించాడు, ఆ పద్యం మాత్రం ఆ రాత్రి దగ్గరే ఆగి ఉంది. జుకో కంటి మీది మచ్చ చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అదే. నీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇంతే. ఇంతకన్నా తీపిగా చెబితే అబద్ధం అవుతుంది.

నిన్న సాయంత్రం ఆయనకి ఈ బొమ్మల కథ మొత్తం చెప్పాను, గుడారం దాకా. విని చాలాసేపు ఊరుకుని, "ఆ పెదనాన్న వేషం ఓపాలి సూడాల" అన్నాడు. కాబట్టి చిన్నోడా, సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జరు మరిచిపోకు. ఆ భాగం ఆయనకి నువ్వే తెలుగులో చెప్పాలి. చెవి కొంచెం మందం, గట్టిగా చెప్పు. గద అటక మీద ఉంది, బుజ్జమ్మకి దింపి చూపిస్తాను.

మీ తాతయ్య