లేని పిట్ట మీద హైకూ: అపోహలు – వాస్తవాలు

ఒహాయోలో ఉంటూ చాలా ఏళ్లుగా తెలుగులో హైకూలు, అంటే జపాన్ నుంచి వచ్చిన మూడు పాదాల చిన్న కవితలు, రాస్తున్నాను. నెలకోసారి కొత్తవాళ్లతో కూర్చుని రాయిస్తాను కూడా. ఏటా సెప్టెంబర్ 1 దగ్గర పడగానే అందరినీ మార్తా మీద రాయమంటాను. మార్తా చిట్టచివరి ప్యాసింజర్ పావురం. 1914లో ఆ రోజునే సిన్సినాటి జూలో కన్నుమూసింది. రాయమన్న ప్రతిసారీ అవే అనుమానాలు వస్తాయి.

అపోహ: అది ఉత్తరాలు మోసే పావురం.

కాదు. కాలికి చీటీ కట్టి రాశారంటే హైకూ వేరే పిట్టదైపోతుంది. దాటిపోయేది అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఈ పేరు వచ్చింది. ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో ఓక్ కాయలు ఎక్కడ విరగకాస్తే అక్కడికి గుంపులుగా పోయే అడవిపిట్ట ఇది. 1813లో కెంటకీలో పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ చూసిన గుంపు మూడు రోజులపాటు తల మీదుగా సాగుతూనే ఉంది. మిట్టమధ్యాహ్నపు వెలుగు గ్రహణం పట్టినట్టు మసకబారిందని ఆయన రాసుకున్నాడు.

అపోహ: హైకూ కళ్లెదుట ఉన్నదాని మీదే రాయాలి, కాబట్టి అంతరించిన పిట్ట మీద రాయకూడదు.

ఇందులో సగం నిజం. 1689లో జపాన్ హైకూ కవి బషో హిరాయిజుమి అనే పాత యుద్ధభూమికి చేరేసరికి అక్కడి యోధులు పోయి అయిదు వందల ఏళ్లు. ఆయన కళ్లెదుట ఉన్నది వేసవి గడ్డి. ఆ గడ్డిని పట్టుకునే వాళ్ల కలల గురించి చెప్పాడు. మనకూ అలాంటిదొకటి చేతికి దొరకాలి.

నాకు దొరికింది ఇది. 1900 మార్చిలో ఒహాయోలోని పైక్ కౌంటీలో ఓ కుర్రాడు ఒక ప్యాసింజర్ పావురాన్ని కాల్చాడు. దానికి గడ్డి కూరి బొమ్మగా నిలబెట్టినప్పుడు గాజు కళ్లకు బదులు నల్లటి బూటు బొత్తాలు పెట్టారు. ఆ బొమ్మ కొలంబస్‌లోని ఒహాయో చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. దాని పేరే 'బటన్స్'.

మార్చి ఎండ –
పిట్ట కళ్ల చోట
బూటు బొత్తాలు

అపోహ: జాలి గట్టిగా పలికితేనే చదివేవాళ్ల మనసు కరుగుతుంది.

నా మొదటి ప్రయత్నం ఇలా ఉండేది: 'ఓ పావురమా, మనిషి క్రూరత్వానికి బలైపోయావా!' ఆ పావురం తీసి పులిని పెట్టినా సరిపోతుంది. అంటే అందులో పావురం లేనట్టే.

పైగా క్రూరత్వం అన్న ఒక్క మాట అసలు సంగతిని కప్పేస్తుంది. పక్షులు ఎక్కడ గూళ్లు కట్టాయో వేటగాళ్లకు టెలిగ్రాఫ్ తంతి చెప్పేది. చంపిన పక్షులను పీపాల్లో కుక్కి రైళ్లు నగరాలకు చేర్చేవి. 1878లో మిషిగన్‌లోని పెటోస్కీ దగ్గర గూళ్ల మీద పడి వేటాడిన తీరు ఇదే. గూటికి ఒక్కటే గుడ్డు. పిల్లలు ఎగిరే లోపే ఏటా కాలనీలను చెదరగొడితే ఆ లోటు పూడదు. పెద్ద గుంపుగా బతకడానికి అలవాటుపడ్డ పిట్ట అది, నాలుగైదుగా మిగిలాక తేరుకోలేకపోయింది. హైకూకు కావలసినవి ఆ తంతి, ఆ పీపా, ఆ ఒక్క గుడ్డు.

అపోహ: మూడు పాదాల్లో వరుసగా 5-7-5 అక్షరాలు తప్పకూడదు.

జపనీయులు లెక్కపెట్టేది మన అక్షరాలను కాదు. 'నిప్పొన్' వాళ్ల లెక్కలో నాలుగు, మన ఛందస్సులో రెండు గురువులు. గురువుకు రెండేసి మాత్రలు కడితే నాలుగూ వస్తాయి. కాబట్టి పోలిక చూడాలంటే మాత్రలతో చూడండి. నేనైతే అదీ లెక్కపెట్టను, చిన్నగా ఉండి మధ్యలో ఒక విరుపు ఉంటే చాలంటాను.

అపోహ: హైకూకు పైన ఏమీ రాయకూడదు.

జపనీయ సంప్రదాయంలో 'మాయెగాకి' అని ఉంది. హైకూకు ముందు సందర్భం చెప్పే ఒకటి రెండు ముక్కలు. అంతరించిన పిట్టకు అది చాలా అవసరం, ఎందుకంటే హైకూ లోపల దాని పేరు చెప్పకుండా ఉండొచ్చు. సిన్సినాటి జూలో 1875 నాటి పగోడా కప్పు పక్షిశాల ఒకటి మార్తా స్మారకంగా మిగిలింది. అక్కడి నుంచి వచ్చాక రాసింది:

*సిన్సినాటి, సెప్టెంబర్ 1*

ఆకురాలు కాలం –
ఓక్ కాయలు
రాలినవి రాలినచోటే

మార్తా పోయిన మూడున్నరేళ్లకు, 1918 ఫిబ్రవరి 21న, అదే జూలో ఇన్కాస్ అనే చిలుక పోయింది. బోనులో బతికినవాటిలో అది ఆఖరి కరోలినా చిలుక. ఆ జాతీ అంతరించింది. ఈసారి దాని మీద రాద్దాం. ఆ చిలుకలు ఇష్టంగా తిన్న గింజ మన మరులమాతంగిదే, గట్ల మీద నడిస్తే చీర కుచ్చిళ్లకు అంటుకునే ఆ ముళ్లకాయ. అక్కడి నుంచి మొదలుపెట్టండి.