గుత్తి కొండ దాహం

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద గుత్తి కొండను చూడనివాళ్లు ఉండరు, ఎక్కినవాళ్లే తక్కువ. నేనూ ఏళ్ల తరబడి బస్సు కిటికీలోంచి చూసి వెళ్లిపోయాను. ఒక జనవరి పొద్దున దిగి ఎక్కాను.

చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తు. కొండను చుట్టుకుంటూ కోట గోడలు, ఒకటి దాటితే ఇంకో దర్వాజా. కొంత ఎక్కాక కాళ్ల కింద వట్టి బండే. అక్కడ ఆగి మడమతో గట్టిగా తట్టి చూడండి. కొన్నిచోట్ల టక్కుమంటుంది. కొన్నిచోట్ల ఖాళీ కుండలా మోగుతుంది.

ఇది గ్రానైట్. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, కిలోమీటర్ల లోతున కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. పైనున్న రాతి బరువంతా దాన్ని అదిమిపెట్టింది. వానలకు, గాలులకు ఆ పైకప్పు అరిగిపోయాక, కట్లు విప్పిన పత్తి బేలులా బండ కాస్త ఉబ్బింది. పత్తి అయితే సాగుతుంది, రాయి సాగదు. పైభాగం ఉల్లిపొరల్లా విడిపోయింది. డొల్లగా మోగేది అలా లేచిన పొరే. రాళ్లు కొట్టేవాళ్లు వెనకట చట్టుబండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. వేడికి పొర లేచేది, సమ్మెటతో పలకలు తీసేవారు.

పగుళ్లలోకి నీరు దిగితే ఇంకో పని మొదలవుతుంది. గ్రానైట్‌లో గాజులా మెరిసేది క్వార్ట్జ్, నల్లచుక్కలు అభ్రకం, తెల్లగానో గులాబీగానో ఉండేది ఫెల్డ్‌స్పార్. నీటికి ముఖ్యంగా లొంగిపోయేది ఈ చివరిదే. అది బంకమట్టిగా మారితే క్వార్ట్జ్ గింజలు పట్టు తప్పి రాలిపోతాయి. ఓ గుండు అడుగున గోటితో గీరాను, గరుసు చేతిలోకి వచ్చేసింది. పగుళ్లు ఎక్కువున్న రాయి ఇలా కరిగిపోయి నేల చదునవుతుంది. పగుళ్లు తక్కువున్న ముద్ద కొండగా మిగులుతుంది.

కొండను నిలబెట్టిన ఆ గట్టిదనమే దాన్ని ఎండగట్టింది కూడా. పగుళ్లు లేని రాయిలో ఊట ఎక్కడుంటుంది? కురిసిన వాన కురిసినట్టే జారిపోతుంది. అందుకే పైన దొనలు, బావులు, నీటి తొట్లు. కోట ప్రాణమంతా వాటిలోనే ఉండేది. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు మరాఠా సర్దారు మురారిరావు లొంగిపోయింది నీళ్లు అయిపోయినందుకే. అంత ఎత్తు, అన్ని గోడలు ఉండి కూడా.

కొండ అంచున మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి ఊరు, రైలు పట్టాలు, పొలాలు అన్నీ కనిపిస్తాయి. తెల్లారకముందే బయల్దేరండి, పదింటికల్లా బండ కాలిపోతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి.